‘సౌధంబు దాపల’: ఎడమా, దగ్గరా?

రాధామాధవం: పండగ సెలవుల్లో ‘అల వైకుంఠపురములో’ సినిమా టీవీలో మళ్ళీ వేయడంతో, పోతనగారి భాగవతంలో ఏనుగు మొర విని విష్ణువు కదిలే గజేంద్రమోక్షంలోని మత్తేభపద్యం ‘అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు...’ నోట్లో ఆడుతున్నది. అయితే ‘నా మూల సౌధంబు’ దాటగానే నాకు ‘లోపల’ అని వస్తున్నది. పైగా బడిలో ‘పురంబులో’ అని వల్లించిన గుర్తు. సినిమావారి ‘పురములో’ ఏ ప్రతిలోనైనా కనబడే పాఠమేనా?

ఛందోప్రియుడు: ఏడవ అక్షరం గురువు (నిడివైన అక్షరం) కావలసిన చోట ‘పురములో’ అంటే లఘువు (పొట్టి అక్షరం) పడి రగణం కాస్తా సగణమవుతుంది కాబట్టి పోతన అలా రాసి ఉండడు. ‘పురమ్ములో’ అన్నా గణం నిలుస్తుంది. ఇంగ్లీషు పోస్టర్లలో రకారాన్ని రెట్టించారు గాని, రెట్టించవలసింది మకారాన్ని! ఇక మీకు గుర్తుకొచ్చే ‘లోపల’ గణాలకు సరిపోయినా అర్థానికి సరిపోదు. ఆ వెంటనే పద్యంలో వచ్చే మందారవనాన్ని మేడ లోపల ఎవరు పెంచుతారండీ? అది ‘దాపల’, అంటే దగ్గర.

పల్నాటి రైతు: దగ్గర అనేది ‘దాపు’. ‘దాపల’ అంటే ఎడమ. సంక్రాంతికి జరిగే బండలాగుడు పందేలకు ఒక్కసారి వెళ్ళి చూడండి. కాడికి ఎడమన కట్టినది దాపటి గిత్త, కుడిన కట్టినది వలపటి గిత్త. దాపటి దాన్ని తెచ్చి వలపట కడితే జత కదలక మొరాయిస్తుంది. ఆ తేడా గిత్తలకే తెలిసినప్పుడు, హాలికుడనని చెప్పుకున్న పోతనకు తెలియదనుకోవాలా?

ఒంటిమిట్ట వాసి: రైతుగారి మాట బాగున్నది, కాని ఎడమ అన్నప్పుడు ఎవరికి ఎడమ అని అడగవలసి వస్తుంది. మేడకు ముఖద్వారం ఎటున్నదో చెప్పకుండా పోతన ఎడమ అనడు. నా దృష్టిలో అసలు చిక్కు ‘మూల’ దగ్గర ఉన్నది. ‘మూలవిరాట్టు’లో వలె అది ప్రధానమనే అర్థమిచ్చే సంస్కృత పదం. సాక్షాత్తు విష్ణుమూర్తిని ఊళ్ళో ఒక మూల ఇంట్లో కాపురం పెట్టిస్తారా?

ఛందోప్రియుడు: యతి చూడండి. మొదటి అక్షరం ‘అ’కు పద్నాలుగవ చోట ‘నా’లోని ‘ఆ’తో మైత్రి కుదిరింది కనుక ‘ఆ’ విడి పదమే.

ఒంటిమిట్ట వాసి: ‘ఆ’ విడిగా ఉన్నదని నేనూ ఒప్పుకుంటాను. ‘ఆ మూలసౌధం’ అని సమాసం చేసుకోవడానికి మీ యతి ఏ అడ్డూ చెప్పడం లేదు కదా.

బమ్మెర అభిమాని: వ్యాసభాగవతంలో హరి గరుత్మంతుణ్ణి ఎక్కి చక్రం పట్టుకుని వచ్చేస్తాడు తప్ప ఈ మేడా, మడుగూ, చలువరాతి మీది కలువపాన్పూ అక్కడ లేవు. పోతన వాటిని కల్పించినది దూరం చూపడానికి. వైకుంఠపురం, అందులో నగరి, అందులో మేడ, దాని పక్క తోట, తోటలో మడుగు అంటూ ఒక్కొక్క గడపా దాటించి, అంత లోపలికి ఏనుగు మొర వినబడిందంటాడు. ‘అల’, ‘ఆ మూల’ రెండూ వేలు చాపి చూపే మాటలే. ఎక్కడో ఆ మూలనున్నవాడికి వినబడిందనడంలో ఉన్న సొగసు ప్రధానసౌధంలో రాదు. ఆ తరువాతి పద్యంలో ‘సిరికిం జెప్పడు’ అని, లక్ష్మికైనా చెప్పకుండా, ఆయుధాలైనా పట్టకుండా హరిని ఎందుకు పరుగెత్తించాడో కూడా అప్పుడే తెలుస్తుంది. ఆయుధాల్లేకుండా వెళ్ళి హరి ఏం చేస్తాడని కవి శ్రీనాథుడు ఎగతాళి చేస్తే, పోతన బావిలో రాయి వేయించి...

ఒంటిమిట్ట వాసి: ఆ కథ మాకూ తెలుసు, ఆ బావి పోతన ఊరైన మా ఒంటిమిట్టలోదే!

బమ్మెర అభిమాని: జనగామ జిల్లాలోని మా బమ్మెరకు రండి, పోతన దున్నిన పొలమే చూపిస్తాం.

రాధామాధవం: అయ్యా, ‘పురంబులో’, ‘పురమ్ములో’ రెండూ గణాలకు సరిపోతే ఏది పోతనదో ఎవరూ చెప్పలేదు.

ఛందోప్రియుడు: సినిమాలో అది ఇంటి పేరు కాబట్టి వారికి గణాలతో పని లేదు, వారిని వదిలేద్దాం. రైతుగారూ, గిత్తల సంగతి సరే, ‘దాపల’ అంటే ఎడమ తప్ప మరొకటి కాదనడానికి కావ్యప్రయోగం ఒక్కటి చూపండి.

పల్నాటి రైతు: దగ్గర అనడానికి ముందు మీరు చూపండి. ఈలోగా ‘వలపల దాపల’ అని జంటగా వచ్చే పద్యాలు నేనూ వెతికి పెడతాను.