భారత్, బ్రెజిల్ అసమానతలను ఒకే కొలతతో పోల్చడం ఎలా?

అనంతపురంలో ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్నాను. 1990ల నుంచి భారత్, బ్రెజిల్‌లలో అసమానత ఎలా మారిందన్నది నా ప్రాజెక్టు.

ప్రపంచ బ్యాంకు గినీ అంకెలతో (అసమానతను 0 నుంచి 100 వరకు కొలిచే సూచిక, అంకె పెరిగితే అసమానత ఎక్కువని అర్థం) ఎక్సెల్‌లో గ్రాఫ్ గీశాను. బ్రెజిల్ గీత దాదాపు ఎప్పుడూ 50కి పైనే, మనది 40 లోపే. బెంగళూరుకు వలస పోయే మా జిల్లా కుటుంబాలను చూస్తూ పెరిగిన నాకు అది మింగుడు పడలేదు. కారణం తర్వాత తెలిసింది: బ్రెజిల్ అంకెలు ఆదాయానివి, మన జాతీయ నమూనా సర్వే (ఎన్‌ఎస్‌ఎస్) అంకెలు ఖర్చువి. ఉన్నవాళ్లు వచ్చిందంతా ఖర్చు పెట్టరు కాబట్టి ఖర్చు గినీ తక్కువగానే వస్తుంది.

ఖర్చు గినీకి 6.6 పాయింట్లు కలిపే పాత పద్ధతి ప్రయత్నించాను. గీత పైకి జరిగింది తప్ప దాని వంపు మారలేదు. ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వే (ఐహెచ్‌డీఎస్)లో ఆదాయం ఉంది కానీ, నాకు దొరికినవి 2004-05, 2011-12 మాత్రమే. పైగా ఎన్‌ఎస్‌ఎస్ 2022-23 సర్వే పద్ధతి మారింది, పాతవాటితో నేరుగా కలపలేను. మూడు వారాలుగా ఇక్కడే ఆగిపోయాను, చాలా టెన్షన్‌గా ఉంది.

ఇలాంటి పని చేసినవాళ్లు చెప్పండి: ఆదాయం లెక్కన ఆ రెండు సంవత్సరాలకే పరిమితం కావాలా, లేక బ్రెజిల్ ఖర్చు సర్వే పీఓఎఫ్ (2002-03, 2008-09, 2017-18) తీసుకుని రెండు దేశాలనూ ఖర్చు లెక్కనే పోల్చాలా?