నోబిత ఎప్పటికీ మారడా? కార్టూన్లలో తప్పులు చేసే పిల్లల గురించి మీ అనుభవాలు చెప్పండి

పాలకొల్లు బుజ్జి:
మా వాడికి ఏడేళ్ళు. రోజూ సాయంత్రం డోరేమాన్ చూడందే అన్నం తినడు. చదువు రాని నోబిత అనే పిల్లాడికి, భవిష్యత్తు నుంచి వచ్చిన డోరేమాన్ అనే రోబో పిల్లి సాయం చేసే జపాన్ కార్టూన్ అది. మొన్న డిక్టేషన్‌లో పదికి రెండు వచ్చాయి. పుస్తకం చూసి నవ్వుతూనే "ఏరా నోబితా!" అన్నాను. వాడు ఏడవలేదు. పప్పన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "నోబితకైతే డోరేమాన్ ఉన్నాడు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

ఆ కార్టూన్ సోమరితనం నేర్పుతోందని, ఆపెయ్యమని మా వారి గోల. నాకేమో ఆ ఒక్క మాటతో వాడు నాకంటే ఎక్కువే అర్థం చేసుకున్నాడనిపించింది. లోపాలున్న పాత్రల్ని చూస్తే పిల్లలకు మంచిదా, చెడ్డదా? కథ నడిచేకొద్దీ నిజంగా మారే పాత్రలు ఎక్కడైనా ఉన్నాయా? పెద్ద పెద్ద థియరీలు వద్దు, మీ ఇంట్లో చూసింది చెప్పండి.

వేపచెట్టు కింద:
మీ వారి ఓటే నాదీను. 1979 నుంచి జపాన్ టీవీలో ఆ పిల్లాడిది అదే సున్నా మార్కులు, అదే ఏడుపు, అదే "డోరేమాన్, ఏదైనా గాడ్జెట్ ఇవ్వు". గాడ్జెట్ బెడిసికొడుతుంది, వాళ్ళమ్మ తిడుతుంది, అయిపోయింది. మర్నాడు మళ్ళీ మామూలే. అందులో పిల్లలు నేర్చుకునేది ఏముంది చెప్పండి? మా చిన్నప్పుడు తప్పు చేసినవాడికి కథ చివర శాస్తి జరిగేది.

బొమ్మలోడు:
హైదరాబాద్‌లో కార్టూన్లకు స్టోరీబోర్డులు గీస్తాను, అంటే సీన్లన్నీ ముందుగా బొమ్మల్లో వేసి చూపిస్తాను. ఏ స్టూడియో అని అడక్కండి. నోబిత మారకపోవడానికి నోబిత కారణం కాదండీ, టీవీ కారణం.

ఇలాంటి సీరీస్‌లో ఏ ఎపిసోడ్ ఎప్పుడు వేసినా అర్థం కావాలి. ఛానెల్ వాళ్ళు వరుస చూడరు, 40వది వేశాక 12వది వేస్తారు. 12లో పిసినారిగా ఉన్నవాడు 40లో దాతగా మారిపోతే చూసే పిల్లాడికి తికమక. అందుకని రాసేవాళ్ళకు ముందే చెప్పేస్తారు: చివరి సీన్‌కల్లా అందరూ ఎక్కడివాళ్ళక్కడే ఉండాలి. నా మొదటి బోర్డులో ఒక పొగరు పిల్లాడు క్షమాపణ చెప్పి ఏడుస్తూ కూర్చుంటాడు. డైరెక్టర్ గారు చూసి, "బాగుందమ్మా, కానీ రేపటి ఎపిసోడ్‌కి వీడి పొగరు నాకు మళ్ళీ కావాలి" అన్నారు. ఏడుపు తీసేసి బురదలో పడేశాను. పిల్లలు నవ్వారు. నాకు మాత్రం ఆ పిల్లాడి మీద ఇంకా జాలే.

అంటే ఇక్కడ లోపం కథను నడిపే ఇంజన్. రిపేరు చేస్తే బండి ఆగిపోతుంది.

ఐరో చాయ్ దుకాణం:
నా పేరు చూస్తేనే తెలుస్తుంది ఎవరి గురించి చెప్పబోతున్నానో. బుజ్జి అక్కా, మారే పాత్ర కావాలన్నారుగా, అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్‌లో జూకోని చూడండి. నీలం మనుషుల సినిమా కాదు, 2005 నుంచి 2008 దాకా నికెలోడియన్‌లో వచ్చిన కార్టూన్. మూడు సీజన్లు, 61 ఎపిసోడ్లు.

జూకో అగ్నిరాజ్యం యువరాజు. పదమూడేళ్ళప్పుడు యుద్ధ సభలో కూర్చుని, కొత్తగా చేరిన సైనికుల్ని ఎరగా వెయ్యడం తప్పని నోరు తెరిచాడు. దానికి శిక్షగా తండ్రితోనే ద్వంద్వయుద్ధం. కొడుకు మోకాళ్ళ మీద పడి పోట్లాడనంటే, తండ్రి ముఖం కాల్చి దేశం నుంచి వెళ్ళగొట్టాడు. అవతార్‌ని, అంటే ఈ కథలో హీరో అయిన ఆంగ్‌ని, పట్టుకొస్తేనే ఇంటికి రావాలట. కాబట్టి మొదటి సీజన్‌లో మనకు కనిపించే విలన్ నిజానికి నాన్న మెచ్చుకోవాలని ఊళ్ళు పట్టి తిరుగుతున్న పిల్లాడు. కోపం వాడి లోపం. ఆ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో పన్నెండో ఎపిసోడ్ దాకా చెప్పరు. అప్పటికే మనం వాణ్ణి తిట్టుకుని ఉంటాం.

నాకు అసలు నచ్చేది రెండో సీజన్. బా సింగ్ సే అనే ఊళ్ళో పెదనాన్న ఐరోతో కలిసి టీ కొట్టులో పని చేస్తాడు. బందీగా ఉన్న ఆప్పాని, ఆంగ్ ఎక్కి తిరిగే ఎగిరే జంతువుని, వదిలేస్తాడు. ఆ మంచి పని చేశాక జ్వరం వచ్చి పడిపోతాడు, చూశారా, మారడమంటే ఒంటికి కూడా పడదన్నమాట! లేచాక నవ్వుతాడు. హమ్మయ్య, మారిపోయాడు అనుకుంటాం. తీరా ఆ సీజన్ ముగిసేలోపే చెల్లెలు అజూలా వచ్చి "ఇంటికి రా" అనగానే పెదనాన్నని వదిలేసి ఆమె పక్షాన నిలబడతాడు. ఐరో జైలుకి పోతాడు.

ఇంటర్‌లో ఉండగా చూశాను. ఫోన్ మంచం మీదికి విసిరేశా. రెండు రోజులు తర్వాతి ఎపిసోడ్ చూడలేదు. అప్పటికి నేనే ఫస్టియర్‌లో బ్యాక్‌లాగ్ పెట్టుకుని, "ఇక బుద్ధిగా చదువుతా" అని మా అమ్మకు మూడోసారి ఒట్టేసి ఉన్నాను. కాబట్టి ఎందుకంత కోపమొచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది.

మూడో సీజన్‌లో తండ్రిని ఎదిరించి బయటికొస్తాడు, ఆంగ్ వాళ్ళతో చేరదామని వెళ్తాడు. ముందుగా ఒక కప్పని ఎదురుగా కూర్చోబెట్టుకుని క్షమాపణ ఎలా చెప్పాలో ప్రాక్టీసు చేస్తాడు! తీరా వాళ్ళ ముందు నిలబడ్డాక అన్నీ తప్పులే మాట్లాడతాడు. వాళ్ళు తరిమేస్తారు. వాళ్ళలో తనను నమ్ముదామన్న ఒకే ఒక్క పిల్ల టాఫ్, ఆమె కాళ్ళే పొరపాటున కాలుస్తాడు. మంచివాడిగా మారాలనుకోవడం వేరు, అది చేతకావడం వేరు. ఇంత ఓపిగ్గా చూపించిన పిల్లల షో నాకు ఇంకోటి తెలీదు.

ఖమ్మం టీచరమ్మ:
ప్రభుత్వ బడిలో మూడు, నాలుగు తరగతులు చెప్తాను. వేపచెట్టు గారూ, నోబిత నుంచి పిల్లలు ఏమీ నేర్చుకోరన్నది మా క్లాసులో మాత్రం నిజం కాదు.

పోయినేడు కొత్తగా వచ్చిన ఒక పిల్లవాడు చదవడంలో బాగా వెనక. మిగతావాళ్ళు వాడికి నోబిత అని పేరు పెట్టేశారు. నేను కోప్పడదామనుకుంటుండగా ఒక అమ్మాయి లేచి, "నోబితకు గురి బాగా కుదురుతుంది టీచర్, వీడికి గోలీల్లో కుదురుతుంది" అంది. నిజమే, నోబిత తుపాకీ గురిలో దిట్ట, దారంతో వేళ్ళ మధ్య ఆకారాలు అల్లే ఆటలోనూ వాణ్ణి కొట్టేవాళ్ళు లేరు. ఆ మాటతో తిట్టు కాస్తా ముద్దుపేరైపోయింది. కొన్నాళ్ళకు వాడే నోటుపుస్తకం అట్ట మీద నోబిత అని రాసుకున్నాడు.

మారలేదన్నారు కదా. 2014లో వచ్చిన స్టాండ్ బై మీ డోరేమాన్ సినిమా చూడండి. డోరేమాన్ భవిష్యత్తుకు తిరిగి వెళ్ళిపోవాల్సొస్తుంది. తను లేకపోతే వీడేమైపోతాడోనని దానికి బెంగ. ఆ రాత్రి నోబిత, తనను రోజూ ఏడిపించే జియాన్‌తో ఒంటరిగా తలపడతాడు. దెబ్బ మీద దెబ్బ తింటాడు, అయినా కాలు వదలడు. చివరికి జియాన్‌కే విసుగొచ్చి నా వల్ల కాదంటాడు. గెలిచాక వాడు బలవంతుడైపోడు, మార్కులూ పెరగవు. తన గురించి ఇంకొకరు బెంగ పెట్టుకోకూడదని ఒక్క రాత్రి నిలబడతాడు, అంతే. అందులోనే, పెద్దయ్యాక నోబిత పెళ్ళి చేసుకోబోయే షిజుకా నాన్నగారు పెళ్ళి ముందు రోజు కూతురితో నోబితని మెచ్చుకుంటారు. అతను తెలివైనవాడనో సంపాదించేవాడనో కాదు, ఎదుటివాళ్ళ సంతోషాన్ని కోరుకుంటాడు, వాళ్ళ కష్టానికి బాధపడతాడు, అందుకని. మా పిల్లలకు ఆ సీన్ బోరు. వెనక బెంచీ మీద కూర్చుని నేనొక్కదాన్నే కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

వేపచెట్టు కింద:
టీచరుగారూ, సినిమా వేరు, రోజువారీ ఎపిసోడ్ వేరు. అయినా గోలీల మాట బాగుంది, ఒప్పుకుంటున్నాను.

మరి మన ఛోటా భీమ్ సంగతేంటి? మన హైదరాబాద్‌లోనే, రాజీవ్ చిలకా గారి గ్రీన్ గోల్డ్ తీసింది. 2008 నుంచి పోగో ఛానెల్‌లో వస్తోంది. భీమ్‌లో ఒక్క లోపం చూపించండి. లడ్డూ తింటాడు, కొడతాడు, గెలుస్తాడు. మా మనవడు వాణ్ణే దేవుడంటాడు. లోపం లేకపోయినా పిల్లలు ప్రేమిస్తున్నారుగా?

బొమ్మలోడు:
ప్రేమిస్తారండీ, కాదనను. కానీ మీ మనవణ్ణి ఒకటి అడిగి చూడండి: భీమ్ ఉండే ఢోలక్‌పూర్‌లో ఎవరి గొంతు ఎక్కువ మిమిక్రీ చేస్తాడు? నేనడిగిన పిల్లల్లో చాలామంది కాలియానే చేశారు. ఢోలు, భోలులని వెంటేసుకుని భీమ్ మీద కుళ్ళుకుంటూ తిరిగే కాలియా. భీమ్ కావాలని ఉంటుంది, దొరికిపోయినప్పుడు మాత్రం కాలియాలాగే ఉంటాం. వాడికి కనీసం నాలుగు ఎపిసోడ్లు వరసగా రాసిచ్చి ఉంటే ఎలా ఉండేదా అనిపిస్తుంటుంది. బయటివాడిగా అంటున్నాను, వాళ్ళ లెక్కలు వాళ్ళకుంటాయి.

చాయ్ తమ్ముడూ, జూకో గురించి బొమ్మలవాడి మాట ఒకటి. కాలిన మచ్చ ఎడమ కంటి మీద ఉంటుంది, ఆ వైపు కనుబొమ్మ లేదు. కార్టూన్‌లో కోపం, జాలి, సిగ్గు అన్నీ మేం చూపించేది కనుబొమ్మలతోనే. అంటే వాడి ముఖంలో సగం ఎప్పుడూ కోపంగానే కనిపిస్తుంది, మెత్తబడటం కుడివైపే గీయాలి. ఎపిసోడ్ ఆపి, ఒక చేత్తో ముఖం ఎడమ సగం మూసి చూడండి, వేరే పిల్లాడు కనిపిస్తాడు. జుట్టు చూశారా? మొదట్లో గుండు మీద పిలక. రెండో సీజన్ మొదట్లోనే పెదనాన్నతో పాటు పిలక కోసి ఏట్లో వదిలేస్తాడు. అక్కణ్ణుంచి జుట్టు పెరుగుతూ నుదుటి మీద పడుతుంది. మాట లేకుండా మార్పు చెప్పడమంటే అది.

డాలస్ పిన్ని:
ఆలస్యంగా వచ్చాను, అన్నీ చదివాను. మా ఇంట్లో బ్లూయి రాజ్యం. ఆస్ట్రేలియా కుక్కల కుటుంబం, 2018లో మొదలైంది, బ్రిస్బేన్‌లో తీస్తారు. ఒక్కో కథ ఏడు నిమిషాలు. బుజ్జీ, మీ వాడి వయసుకు జూకో కంటే ముందు ఇదే పెట్టు.

సైకిల్ అని ఒక ఎపిసోడ్ ఉంది. బ్లూయికి తొక్కడం రాక విసుగొచ్చి సైకిల్ పడేస్తుంది, నాన్న పక్కన వచ్చి కూర్చుంటుంది. నాన్న పాఠం చెప్పడు. పార్కులో మిగతా పిల్లల్ని చూస్తూ ఉంటారు. చెల్లి బింగోకి నీళ్ళ పంపు అందదు. ఇంకో పిల్లకు బ్యాగు భుజానికి వేసుకోవడం రాదు. వేరొకతె కమ్మీ పట్టుకోలేక జారిపోతుంటుంది. వెనక బీథోవెన్ సంగీతం. వాళ్ళకు సాధ్యమయ్యేసరికి బ్లూయి తనంతట తనే లేచి సైకిల్ దగ్గరికెళ్తుంది. మా చిన్నది అది చూసి జిప్పు పెట్టుకోవడం నేర్చుకుందని చెప్పను, అబద్ధం. కానీ జిప్పు రానప్పుడు ఇప్పుడు కోటు విసిరికొట్టదు, ఆ పాట హమ్ చేస్తుంది.

నాకు తగిలింది మాత్రం బేబీ రేస్. అందులో లోపం పిల్లది కాదు, అమ్మది. బ్లూయి అమ్మ చిల్లీ తన పాపని పక్కింటి పాపతో పోల్చుకుని, అది ముందు నడిచేస్తుందేమోనని కుమిలిపోతుంది. తొమ్మిదిమంది పిల్లల్ని పెంచిన ఒకావిడ ఇంటికొచ్చి, నువ్వు బాగానే చేస్తున్నావని ఒక్క మాట అంటుంది. ఇక్కడ తెలుగువాళ్ళ పుట్టినరోజు పార్టీలో "మా వాడు స్పెల్లింగ్ బీకి ప్రిపేర్ అవుతున్నాడు, మీ పాప ఏం చేస్తోంది" అన్నప్పుడల్లా నాకు చిల్లీ గుర్తొస్తుంది. నాకు ఆ ఒక్క మాట చెప్పిన తొమ్మిది పిల్లల తల్లి ఇంకా తగల్లేదు.

ఐరో చాయ్ దుకాణం:
పిన్నీ, మీ వ్యాఖ్య చదివి నవ్వొచ్చింది, కొంచెం ఏడుపూ వచ్చింది.

బొమ్మలన్నా, చెయ్యి అడ్డం పెట్టి చూశాను. నిజమే. ముఖ్యంగా ఆఖర్లో గుడారం సీన్. ఐరో పడుకుని ఉంటే జూకో రాత్రంతా పక్కనే కూర్చుంటాడు. పొద్దున పెద్దాయన లేచి ఇటు తిరగడు. వీడు ఏడుస్తూ క్షమించమని చెప్పడం పూర్తవ్వకముందే ఆయన చొక్కా పట్టి లాక్కుని కౌగలించుకుంటాడు. పెద్దాయన కోపంతో ఉన్నాడేమో అనుకుంటాడు పిల్లాడు. ఆయనకు ఉన్నది బెంగ మాత్రమే.

వేపచెట్టు కింద:
మనవడితో కూర్చుని కాలియా మిమిక్రీ చేయించాను. బాగానే చేశాడు, మా ఆవిడని కూడా నవ్వించాడు. తర్వాత "తాతా, నువ్వు కూడా కాలియానే, ప్రతిసారీ రిమోట్ నీకే కావాలంటావు" అన్నాడు. దీనికి నా దగ్గర సమాధానం లేదు.

పాలకొల్లు బుజ్జి:
అందరికీ థ్యాంక్స్. ఆదివారం వాణ్ణి కూర్చోబెట్టి, ఆరోజు నోబితా అన్నందుకు సారీ చెప్పాను. కప్ప ముందు ప్రాక్టీసు చెయ్యలేదు గానీ, గ్యాస్ స్టవ్ ముందు రెండుసార్లు చేశాను. వాడు చాలా సేపు ఆలోచించి, "మళ్ళీ అంటావా?" అన్నాడు. అననని ఒట్టేశాను. అంటే పది రూపాయలు ఫైన్ అన్నాడు.

నిన్న పొద్దున స్కూల్ వ్యాన్ హారన్ కొడుతోంది, వీడు ఎడమ బూటు కుడి కాలికి తొడుగుతున్నాడు. "ఒరే నోబి..." దాకా వచ్చేసి ఆగాను. వాడు తల ఎత్తి చూసి, "సగమే అన్నావు, ఐదు రూపాయలివ్వు" అన్నాడు. ఇచ్చాను.

సైకిల్ ఎపిసోడ్ నాలుగుసార్లు చూశాం పిన్నీ. అవతార్ కూడా మొదలుపెట్టాం, వాడికి కొన్ని మాటలు నేను తెలుగులో చెప్తున్నాను. నాలుగో ఎపిసోడ్ అయింది. ఆడపిల్లలకు యుద్ధం రాదన్న ఆంగ్ నేస్తం సొక్కా, ఆ ఆడపిల్లల చేతిలోనే తన్నులు తిని, నేర్పమని బతిమాలి వాళ్ళ గౌను వేసుకుంటాడు కదా, అక్కడ మా వాడు పొర్లి పొర్లి నవ్వాడు. మా వారు కూడా సోఫాలోకి వచ్చి చేరారు. జూకో ఎప్పుడు మంచోడవుతాడని ఆయనే అడుగుతున్నారు. నేను చెప్పలేదు.