గాలి నష్టమా, వరద నష్టమా? రెండు బీమాల మధ్య చిక్కుకున్నాం

ప్రశ్న (సెయింట్ పీటర్స్‌బర్గ్, ఫ్లోరిడా)

అందరికీ నమస్కారం. 2024 సెప్టెంబరు 26 రాత్రి హెలీన్ తుపాను ఉప్పెనకు మా ఇంట్లోకి మోకాలి కింది దాకా ఉప్పునీళ్లు వచ్చాయి. తడిసిన సామానంతా వీధిలో కుప్ప పోశాం. రెండు వారాలైనా గడవకముందే, అక్టోబరు 9న మిల్టన్ వచ్చింది. కప్పు మీది షింగిల్స్ (పెంకుల్లా పరిచే పలకలు) లేచిపోయి పడకగది సీలింగు నుంచి వాన కారింది. గాలి నష్టానికి చెల్లించాల్సిన ఇంటి బీమావారు ‘ఇది వరద నష్టం, మా పాలసీ కిందికి రాదు’ అని ఉత్తరం పంపారు. సీలింగుతో తమకు సంబంధం లేదని వరద బీమావారు అంటున్నారు. అమ్మానాన్నలు కూడా మా దగ్గరే ఉన్నారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో దయచేసి చెప్పండి.

జవాబు (గాల్వెస్టన్ కౌంటీ, టెక్సస్)

ముందు ఒక వాదన వదిలేయండి. ‘సముద్రాన్ని తోసుకొచ్చింది గాలే కదా, కాబట్టి ఇది గాలి నష్టమే’ అని 2005లో కత్రినా తర్వాత ఎంతోమంది కోర్టుకెక్కారు. ఆ వాదన నిలవలేదు. పాలసీల లెక్కలో ఉప్పెన అంటే వరదే. అయితే గాలి చీల్చిన కప్పులోంచి కారిన వాన మాత్రం వరద కాదు. ఇది గట్టిగా పట్టుకోండి. ‘మీ ఇంటికి జరిగింది ఏ నష్టం?’ అని అడ్జస్టర్ (నష్టం అంచనా వేయడానికి బీమావారు పంపే మనిషి) అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పకండి. గదికి గది, గోడ మీద ఎంత ఎత్తు వరకు, ఏ తేదీన జరిగింది అని విడదీసి చెప్పండి.

2008లో ఐక్ తుపాను తర్వాత మాకూ ఇదే గొడవ. హాల్లో నాలుగు గోడల మీదా నేల నుంచి 14 అంగుళాల ఎత్తున, దారం పట్టి గీసినట్టు ఒకే మట్టంలో గోధుమరంగు గీత. సీలింగు మరక అలా లేదు. ఒక మూల ముదురుగా మొదలై, సన్నని చారలై గోడ మీదికి దిగి, సగంలోనే ఆగిపోయింది. ఆ చారలకూ కింది గీతకూ నడుమ గోడ తెల్లగా, పొడిగా ఉంది. పక్కన కొలత టేపు పెట్టి ఫొటో తీసి పంపాను. అంతకుముందు నేను రాసిన నాలుగు పేజీల ఉత్తరానికి పలకనివారు, ఆ ఫొటో చూశాక మళ్లీ మనిషిని పంపారు.

మీకు ఇంకా బలమైన ఆధారం ఉంది. రెండు తుపానుల మధ్య 13 రోజులున్నాయి. ఆ రోజుల్లో ఇల్లు శుభ్రం చేస్తూ బంధువులకు వాట్సాప్‌లో పంపిన వీడియోలు వెతకండి. సీలింగు శుభ్రంగా కనిపించేది ఒక్కటి దొరికినా చాలు.

అడిగినవారు

దొరికింది! అక్టోబరు 3న అమ్మ పిన్నికి పంపిన వీడియోలో పడకగది సీలింగు తెల్లగా ఉంది. కానీ ఉత్తరంలో ‘వేరే ఏ కారణంతో కలిసినా, ఏ వరుసలో జరిగినా’ వరద నష్టానికి చెల్లించం అని ఉంది. ఇక దారి లేదా?

జవాబు (ఫోర్ట్ మయర్స్, ఫ్లోరిడా)

ఆ వాక్యం చూసి చాలామంది అక్కడితో ఆగిపోతారు, మీరు ఆగకండి. వరదా గాలీ కలిసి ఒకే వస్తువును పాడుచేసినప్పుడే దానికి పని. వరద ఎన్నడూ తాకని సీలింగుకు దాన్ని ఎలా వర్తింపజేస్తారో రాతపూర్వకంగా అడగండి. గాలితో ముందే జరిగిపోయిన నష్టం తర్వాత వచ్చిన నీటితో చెరిగిపోదని మిసిసిపీ సుప్రీంకోర్టు 2009లో తీర్పు ఇచ్చింది. ఫ్లోరిడా కోర్టులు దానికి కట్టుబడనక్కరలేదు గానీ, ఆ వాక్యం అంతా మింగేస్తుందనే మాట నిజం కాదని తెలుస్తుంది. ఇంజనీరు నివేదిక, అడ్జస్టర్ అంచనా, పాలసీ పూర్తి ప్రతి కూడా అడిగి తీసుకోండి.

డబ్బు లెక్క కూడా చూసుకోండి. హరికేన్ డిడక్టిబుల్ (తుపాను నష్టంలో ముందుగా మనమే భరించాల్సిన భాగం) చాలా పాలసీల్లో ఇంటి బీమా మొత్తంలో శాతంగా ఉంటుంది. 4 లక్షల డాలర్ల ఇంటికి 2 శాతమంటే 8,000 డాలర్లు. కప్పుకూ సీలింగుకూ కలిపి అంతకన్నా తక్కువ అయితే చేతికి ఏమీ రాదు.

మీది కేంద్ర ప్రభుత్వ విపత్తు సంస్థ ఫెమా నడిపే జాతీయ వరద బీమా అయితే ఇంటికి గరిష్ఠంగా 2,50,000, సామానుకు 1,00,000 డాలర్లు. బయట అద్దెకు ఉంటే ఆ ఖర్చు ఇవ్వరు. ప్రమాణం చేసి సంతకం పెట్టే నష్ట పత్రానికి మామూలు గడువు 60 రోజులు. పెద్ద తుపానుల తర్వాత పొడిగిస్తుంటారు కాబట్టి మీకు వర్తించే తేదీని రాతలో తెప్పించుకోండి. హెలీన్‌కు తడిసి పారేసిన పరుపును మిల్టన్ క్లెయిములో మళ్లీ రాయకండి. ఒకే వస్తువు రెండు చోట్లా కనబడితే మిగతా నిజాలనూ ఎవరూ నమ్మరు.

ఇంటి బీమావారు అప్పటికీ దిగిరాకపోతే రాష్ట్ర ఆర్థిక సేవల శాఖ దగ్గర మధ్యవర్తిత్వం కోరండి. ఆ ఖర్చు కంపెనీదే. వరద బీమా సంగతి వేరు. కాదని ఉత్తరం వచ్చిన 60 రోజుల్లో ఫెమాకు అప్పీలు చేయవచ్చు. దావా వేయాలంటే ఏడాదిలోపు, ఫెడరల్ కోర్టులో.

జవాబు (గాల్వెస్టన్ కౌంటీ, టెక్సస్)

ఇంకొక్క మాట. మరమ్మతువాళ్లు వచ్చేలోపు తడిసిన సీలింగు ముక్క ఒకటి, పెరట్లో పడిన షింగిల్ ఒకటి సంచిలో వేసి, తేదీ రాసి గ్యారేజీలో పైఅరలో పెట్టండి. అమ్మగారి ఫోనులోని ఆ వీడియోను ఇవాళే మరో రెండు చోట్ల దాచండి.