స్కానర్ కోడ్ చూపించాక ఏం చేయాలో నేర్పే శిక్షణ ఎలాంటిది?

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. నేను ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో తొమ్మిదేళ్లుగా కార్ల పని చేస్తున్నాను. పదో తరగతి తరువాత ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు రెండేళ్లు చదివాను. ఇంజిను విప్పి కట్టడం, క్లచ్, గేరుబాక్సు పనులు ఎవరి సాయం లేకుండా చేయగలను. అయితే 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక తయారైన బళ్లు మా దగ్గరికి రావడం మొదలైనప్పటి నుంచి, కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లను చదివే స్కానర్ చేతిలో ఉన్నా చీకట్లో తడుముకుంటున్నట్టే ఉంది.

గత నెలలో ఒక పెట్రోలు కారు స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిను నడుస్తున్నప్పుడు, వణుకుతోందని తెచ్చారు. స్కానర్‌లో పి0171 కోడ్ వచ్చింది. అంటే మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని అర్థం. ఆక్సిజన్ సెన్సార్ పోయిందనుకుని మార్చాము. వారం తిరక్కుండానే చెక్ ఇంజిన్ లైటు మళ్లీ వెలిగింది. చివరికి ఇంజిను నడుస్తుండగా వేరే పని మీద చెయ్యి వెనక్కి పెట్టినప్పుడు ఇంజిను లోపలి ఆవిరిని బయటికి తీసే బ్రీదర్ పైపు నా వేళ్ల కింద నలిగింది. ఆ క్షణంలోనే వణుకు ఆగింది. పైపు ఊడదీసి చూస్తే, అది మేనిఫోల్డుకు (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలకు) తగులుకునే చోట, కంటికి కనిపించని అడుగు వైపున, గోరంత చీలిక ఉంది. కూలి తిరిగి ఇచ్చేశాను గానీ, అక్కర్లేని సెన్సార్‌కు కారు యజమాని పెట్టిన డబ్బు మాత్రం పోయినట్టే. ఆ బాధ నన్ను వదలడం లేదు.

డయాగ్నసిస్, అంటే లోపం ఎక్కడుందో కనిపెట్టే పని, పద్ధతిగా నేర్చుకోవాలని ఉంది. రెండు మూడు నెలల కోర్సులు చాలా కనిపిస్తున్నాయి. చేరే ముందు ఏం చూసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

మొదటి జవాబు (ఐటీఐలో బోధకుడు)

మీ బాధ నాకు అర్థమైంది. మీ ట్రేడులో లోపం కన్నా, కోడ్ అంటే ఏమిటో మీకు ఎవరూ సరిగా చెప్పకపోవడమే ఇక్కడ అసలు లోపం. పి0171 అనే కోడ్ ఆక్సిజన్ సెన్సార్ పాడైందని చెప్పదు. ఆ సెన్సార్ తన పని తాను చేసి, పొగలో ఆక్సిజన్ ఎక్కువగా ఉందని కంప్యూటర్‌కు తెలియజేసిందని మాత్రమే చెబుతుంది. ఫిర్యాదు తెచ్చినవాడినే దొంగ అనుకుని పట్టుకున్నట్టయింది.

అదే స్కానర్‌లో లైవ్ డేటా (ఇంజిను నడుస్తుండగా వచ్చే విలువలు) తెరిచి ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో, చూసి ఉంటే పది నిమిషాల్లో దారి దొరికేది. మీ కారులో గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సార్ ఉందనుకుంటే, స్లోలో ట్రిమ్ ప్లస్ ఇరవై శాతం దాటి, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలు స్థితికి దిగివస్తే, మేనిఫోల్డు వైపు ఎక్కడో దొంగగాలి, అంటే సెన్సార్ కొలతకు అందని గాలి, లోపలికి పోతోందని అర్థం. ఎందుకంటే ఇంజిను పీల్చే గాలి తక్కువగా ఉన్నప్పుడు ఆ చిన్న చిల్లు వాటా పెద్దది, ఇంజిను ఎక్కువ గాలి పీల్చేటప్పుడు అదే చిల్లు వాటా లెక్కలోకి రాదు. ఇందుకు భిన్నంగా, వేగం, బరువు పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతూ పోతే పంపు, ఫిల్టరు, ఇంజక్టర్ల వైపు చూడాలి, లేదా ఎంఏఎఫ్ మురికిపట్టి గాలిని తక్కువగా కొలుస్తోందేమో చూడాలి. ఎంఏఎఫ్ లేకుండా, మేనిఫోల్డులోని ఒత్తిడిని కొలిచే ఎంఏపీ సెన్సార్‌తో మాత్రమే నడిచే కార్లలో ఈ లెక్క ఇలాగే పనిచేయదు. అక్కడ దొంగగాలి కూడా ఒత్తిడిగా కొలతలోకి వచ్చేస్తుంది కాబట్టి, ట్రిమ్ కన్నా ముందు స్లో స్పీడు పెరగడం కనిపిస్తుంది. ఈ తేడాను పిల్లల చేత బండి మీద చేయించి చూపిస్తే తప్ప, బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఎక్కదు.

అందుకే కోర్సు గురించి అడిగేటప్పుడు మొదటి ప్రశ్న ఇదే కావాలి: నడిచే బండిలో బోధకుడు చెప్పకుండా లోపం పెట్టి, దాన్ని మీ చేత వెతికిస్తారా? తరువాత, ఒక్కో బండికి ఎంతమంది, ఆసిలోస్కోప్ (విద్యుత్ సంకేతాన్ని తెర మీద గీతగా చూపే పరికరం) ఉందా, ఉంటే మీ చేతికిస్తారా లేక దూరం నుంచి చూపిస్తారా అని అడగండి. వైరింగ్ డయాగ్రమ్ చదవడానికి ఎన్ని రోజులు కేటాయించారో కూడా కనుక్కోండి. పాత నైపుణ్యాన్ని గుర్తించి ఇచ్చే ఆర్‌పీఎల్ సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి. అవి ఉద్యోగానికి ఉపయోగపడవచ్చు గానీ, మీకు కావలసిన విద్య వాటిలో ఉండదు. రెండింటినీ ఒకటిగా అనుకోకండి.

రెండవ జవాబు (డీజిల్ వర్క్‌షాప్, గుంటూరు)

బోధకుడు గారు చెప్పినదానికి నా వైపు నుంచి డీజిల్ సంగతి కలుపుతాను. మా దగ్గరికి వచ్చిన ఒక వ్యానులో పి0087, అంటే రైలులో (ఇంజక్టర్లన్నిటికీ డీజిలు అందించే ఉమ్మడి గొట్టంలో) ఒత్తిడి తక్కువ అనే కోడ్ ఉంది. అంతకు ముందు మరొకచోట హై ప్రెషర్ పంపు మార్చారు, అయినా బండి స్టార్ట్ కావడం కష్టంగానే ఉంది. మేము నాలుగు ఇంజక్టర్ల నుంచి డీజిలును వెనక్కి తీసుకెళ్లే రిటర్న్ పైపులను నాలుగు చిన్న సీసాలలోకి పెట్టి ఇంజిను నడిపాము. మూడు సీసాల్లో అడుగున కాస్త డీజిలు చేరేసరికి మూడో సిలిండరు సీసా సగం దాకా నిండింది. ఒత్తిడి అంతా ఆ ఒక్క ఇంజక్టరు గుండా వెనక్కి పోతోంది. ఈ పరీక్షకు కావలసినవి పైపులు, సీసాలు, ఓపిక మాత్రమే.

తమ్ముడూ, ఒక్క జాగ్రత్త మాత్రం తప్పక పాటించు. పాత డీజిల్ ఇంజిన్లలో నడుస్తుండగా ఇంజక్టరు నట్టు వదులు చేసి ఏ సిలిండరు పనిచేయడం లేదో కనిపెట్టేవాళ్లం. ఇప్పటి కామన్ రైలు డీజిల్ ఇంజిన్లలో ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. అక్కడి ఒత్తిడి వెయ్యి బార్లు కూడా దాటగలదు, సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిందే. నీకు శిక్షణ ఇచ్చేవారు ఈ మాట మొదటి రోజే చెప్పకపోతే అక్కడ ఉండవద్దు.

ఇంకొకటి, సెన్సార్ల జోలికి పోకముందు ఎర్త్ చూడటం అలవాటు చేసుకో. మల్టీమీటరు ఒక మొన ఇంజిను బ్లాకు మీద, రెండోది బ్యాటరీ మైనస్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించు. 0.2 వోల్టుల చుట్టుపక్కల ఉంటే సరే, అర వోల్టు దాటితే ఎర్త్ వైరు సంగతి తేల్చాకే మిగతాది.

మూడవ జవాబు (టెక్సాస్‌లో పనిచేస్తున్న తెలుగు మెకానిక్)

ఇక్కడ ఏఎస్ఈ అనే సంస్థ నిర్వహించే ఎల్1 పరీక్ష పూర్తిగా ఇంజిను డయాగ్నసిస్ మీదే ఉంటుంది. ఏ ఒక్క కంపెనీ కారునో కాకుండా, ఒక కల్పిత వాహనాన్ని తయారుచేసి, దాని వైరింగ్, సెన్సార్ విలువలు అన్నీ ఒక చిన్న పుస్తకంలో ఇస్తారు. ప్రశ్నలన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. పరీక్ష రాయకపోయినా, ఆ పుస్తకాన్ని ముందు పెట్టుకుని రోజుకో సర్క్యూటు చదివితే డయాగ్రమ్ అంటే భయం పోతుంది. నాకు పోయింది.

ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురికీ నమస్కారాలు. రెండు చోట్లకు వెళ్లి బోధకుడు గారు చెప్పిన ప్రశ్నలే అడిగాను. మొదటి చోట ఇంజిను స్టాండు మీద ఉంది గానీ, నడిచే బండి లేదు. రెండో చోట మూడు కార్లు ఉన్నాయి, ఒక్కో కారుకు ఐదుగురు, నేను చూస్తుండగానే బోధకుడు ఒక రిలే మార్చి పెట్టి అబ్బాయిలను వెతకమన్నారు. ఫీజు ఎక్కువైనా అక్కడే చేరుతున్నాను, సాయంత్రం బ్యాచ్ కాబట్టి షెడ్డు పని ఆగదు.

నిన్న సెల్ఫ్ బరువుగా తిరుగుతోందని వచ్చిన ఒక కారుకు గుంటూరు అన్న చెప్పినట్టు మీటరు పెట్టాను. 0.9 వోల్టులు చూపించింది. బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు ఊడదీస్తే కింద ఎవరో వేసిన రంగు పొర ఉంది. గీకి బిగించాక 0.15కు దిగింది. స్టార్టరు మార్చాలని అంతకు ముందు మేస్త్రి అనుకున్నారు. ఆ మీటరు విలువను ఆయనకు చూపించాను, నిన్నటి నుంచి ఆయన కూడా ముందు ఎర్త్ చూస్తున్నారు.