మా ఆయన ఏసీ మెకానిక్. చేతి డబ్బుకు ఎప్పుడూ లెక్క చూపలేదు, ఇప్పుడు నా పేరున మెసేజ్ వచ్చింది

లాయర్‌పేట ఇల్లాలు, ఒంగోలు

అందరికీ నమస్తే. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. మా ఆయన ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తారు. సొంత పనే, ఏ కంపెనీ కిందా కాదు. పదకొండేళ్లుగా ఇదే. ఎండాకాలం రాత్రి పదింటికి గానీ ఇల్లు చేరరు, మళ్లీ వానలు మొదలయ్యాక వారానికి రెండు పనులు దొరికితే గొప్ప. ఇన్నేళ్లలో ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్ ఒక్కసారి కూడా వేయలేదు. ఎగ్గొట్టాలని అనుకుని చేసింది కాదండీ, అసలు అది మాకు వర్తిస్తుందనే అనుకోలేదు. ఆయనతో తిరిగే మెకానిక్కులు ఒక్కరూ వేయరు.

2024-25లో స్థలం కొందామని నా సేవింగ్స్ ఖాతాలో విడతలుగా 11.5 లక్షలు నగదు కట్టాం. చీటీ పాడుకుంటే వచ్చిన 4.5 లక్షలు, అత్తగారు గేదెలు అమ్మిన 1.2 లక్షలు, మిగతా 5.8 లక్షలు ఆయన సంపాదనలోంచి నాలుగేళ్లుగా బీరువాలో దాచినవి. ఇప్పుడు ఇన్‌కం ట్యాక్స్ వాళ్ల దగ్గర్నుంచి నాకు మెసేజ్, మెయిల్ వచ్చాయి, మీ పాన్ మీద పెద్ద మొత్తంలో నగదు జమ అయింది, చూసి జవాబివ్వండి అని. ఖాతా నాది, ఫోన్‌పే నంబరూ నాదే, అందుకని నాకొచ్చింది. నేనేమో ఇంట్లో బ్లౌజులు కుట్టుకునేదాన్ని. రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

దీంతోపాటు ఇంకోటి. ఆ స్థలంలో ఇల్లు కట్టుకుందామని బ్యాంకుకు వెళ్తే రిటర్నులు లేకుండా లోను రాదన్నారు. ఇక్కడ ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గరికి పోతే, మీ మామగారికి చీమకుర్తి దగ్గర రెండెకరాలు ఉంది కదా, ఈ డబ్బంతా పొగాకు మీద వచ్చిందని రాద్దాం, వ్యవసాయానికి పన్ను లేదు, 6 వేలు ఇవ్వండి అన్నాడు. ఆ చేలో ఆరేళ్లుగా సుబాబుల్ తప్ప ఏమీ లేదు. నాకు మనసొప్పలేదు. ఆయనేమో, రిటర్న్ వేస్తే రేషన్ కార్డు పోతుంది, కార్డు పోతే అమ్మ పింఛను పోతుంది, అసలు జవాబే ఇవ్వొద్దు, కొన్నాళ్లకు వాళ్లే మర్చిపోతారు అంటున్నారు. తెలిసినవాళ్లు దారి చెప్పండి.

నెల్లూరు లెక్కలాయన

అమ్మా, ముందు టెన్షన్ పక్కన పెట్టి భోంచేయండి. నేను పద్దెనిమిదేళ్లుగా చిన్న వ్యాపారుల లెక్కలు రాస్తున్నాను. మీది దొంగతనం కేసు కాదు, ఆలస్యమైన కేసు. కానీ ఆ పొగాకు కథ రాశారంటే మాత్రం దొంగతనం కేసే అవుతుంది.

ఒక ఏడాదిలో ఒకరి సేవింగ్స్ ఖాతాల్లో 10 లక్షలు, ఆపైన నగదు పడితే బ్యాంకు దాన్ని ఇన్‌కం ట్యాక్స్ శాఖకు తెలియజేయాల్సిందే. మీ మీద ఎవరూ చాడీలు చెప్పలేదు. జవాబివ్వకుండా ఊరుకుంటే మర్చిపోరు, అది కంప్యూటర్‌లో మీ పాన్ కింద అలాగే ఉంటుంది. చివరికి లెక్క చెప్పలేని డబ్బు అని తేల్చారంటే, 2024-25 లెక్కన సర్‌చార్జీ, సెస్ అనే అదనపు వడ్డింపులు కలిపి 78 శాతం పన్ను. 5.8 లక్షల మీద అదెంతో మీరే వేసుకోండి.

ఇక పొగాకు. మన జిల్లాల్లో ఈ అబద్ధం రాయించేవాళ్లకు ఇది కూడా తెలియకపోవడం నాకు బాధ. వర్జీనియా పొగాకు వేసే రైతు పొగాకు బోర్డులో రిజిస్టర్ అవ్వాలి, బేళ్లు వేలం కేంద్రానికే తోలాలి, డబ్బు బ్యాంకు ఖాతాకే వస్తుంది. ఏ రోజు ఎన్ని కిలోలు, ఏ ధరకు అన్నదానికి కాగితం ఉంటుంది. మీ మామగారి పేరు అక్కడ లేదని తేలడానికి ఎంతసేపు పడుతుంది? తెలిసి తప్పుడు ఆదాయం రాస్తే దానిమీద పడే పన్నుకు రెండింతలు, అంటే 200 శాతం జరిమానా. 6 వేలు తీసుకున్నాయన ఆ రోజు ఫోన్ ఎత్తడు.

ఒక్కటి అడుగుతాను. మీ ఆయన ఏ పనికి ఎంత వచ్చిందో ఎక్కడైనా రాసుకుంటారా?

లాయర్‌పేట ఇల్లాలు

రాస్తారు సార్. పొడుగు నోటుబుక్కు ఒకటి ఫ్రిజ్ మీద ఉంటుంది, రాత్రి వచ్చాక చేతులు కడుక్కుని ముందు అదే తీస్తారు. "సాయిబాబా గుడి సందు, గ్యాస్, 2500", "కర్నూలు రోడ్డు డాక్టరు గారు, కెపాసిటర్, 650, బాకీ" ఇలా. నిన్న రాత్రంతా కూర్చుని 2024-25ది లెక్కగట్టాను. మొత్తం వచ్చింది 9.6 లక్షలు. అందులో ఫోన్‌పేలో 3.6, మిగతా 6 నగదు. గ్యాస్, కాపర్ పైపు, కంప్రెసర్లు, స్పేర్లకు 3.4 లక్షలు. హెల్పర్ కుర్రాడికి, పెట్రోలుకు లక్షన్నర. అన్నీ పోను మాకు మిగిలింది 4.7 లక్షలు. ఇంత సంపాదిస్తున్నారని నాకూ నిన్ననే తెలిసింది.

కావలి తమ్ముడు

అక్కా, ట్యాక్స్ సంగతి నాకు అంతగా తెలీదు, మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అన్న ప్లంబర్. అపార్ట్‌మెంట్ పనులు కూడా పట్టేవాడు, నెలకు 40 వేలకు తక్కువ ఎప్పుడూ తేలేదు. మూడేళ్ల కిందట బైకు మీద వస్తుంటే హైవే మీద లారీ గుద్దింది. ఇద్దరు చిన్నపిల్లలు. ప్రమాద పరిహారం కేసు వేశాం. అక్కడ అడిగిన మొదటి మాట, ఆయన సంపాదనకు ఆధారం ఏంటని. ఏముంది? బ్యాంకులో వేసేవాడు కాదు, రిటర్న్ లేదు, చేసిన పనులకు బిల్లు లేదు. పని చేయించుకున్న ఇద్దరు ఓనర్లను సాక్ష్యానికి రమ్మంటే ఒకాయన ఫోన్ ఎత్తలేదు, ఇంకొకాయన నగదు ఇచ్చినట్టు చెప్తే నాకూ ఇబ్బందే తమ్ముడూ అన్నాడు.

చివరికి నెలకు 12 వేలు సంపాదిస్తాడన్నట్టు లెక్కగట్టారు. కూలీ లెక్క. పైపు ఎక్కడ పగిలిందో గోడ మీద చెయ్యి పెట్టి చెప్పేవాడు మా అన్న. వదిన ఆ కాగితం చదివించుకుని, మీ అన్న పని ఇంతేనా అని ఏడ్చింది. పన్ను ఎగ్గొడదామని దాచిందేమీ లేదు, ఆ సంపాదనకు అప్పట్లో కట్టాల్సింది కూడా పెద్దగా ఉండేది కాదని తర్వాత లాయరు గారు చెప్పారు. బావగారికి ఈ మాట చదివి వినిపించు అక్కా.

పొదిలి మాస్టారు

కావలి తమ్ముడి మాటకు మనసు కలుక్కుమంది. అయినా నేను అనాల్సింది అంటాను, ఏమీ అనుకోవద్దు.

నేను టీచర్ని. నా జీతంలో పన్ను నాకు చేరకముందే కోస్తారు, ఒక్క రూపాయి దాచే వీల్లేదు. పోయినేడు ఇంట్లో గ్రానైటు పరిపించాను. మేస్త్రీ 3.4 లక్షలకు మాట్లాడుకుని మొత్తం నగదే ఇవ్వాలన్నాడు. బిల్లు ఇవ్వయ్యా అంటే, బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ మీరే పెట్టుకోవాలి సార్ అన్నాడు. నేనూ 61 వేలు ఎక్కువ పెట్టలేక నగదే ఇచ్చాను, ఆ తప్పు నాది. కానీ ఆయన కింద నాలుగు జట్లు పనిచేస్తాయి, ఇల్లు నా ఇంటికి రెండింతలు ఉంటుంది, కారుంది, గుమ్మంలో తెల్ల కార్డు స్టిక్కర్ కూడా ఉంది. మా బళ్లో ప్రహరీ కూలి రెండేళ్లయింది, కట్టడానికి డబ్బు మంజూరు కాలేదు. ఆ డబ్బు ఎక్కడినుంచి రావాలి?

రేషన్ కార్డు మాట కూడా. పట్టణంలో కుటుంబానికి నెలకు 12 వేలు, పల్లెలో 10 వేలు దాటితే ఆ కార్డుకు అర్హత లేదు. అమ్మా, మీకు నెలకు 39 వేలు మిగులుతున్నాయని మీ నోటుబుక్కే చెప్తోంది. రిటర్న్ వేసినా వేయకపోయినా ఆ కార్డు మీది కాదు. మా వీధిలో ఇళ్లల్లో అంట్లు తోముకునే ఆవిడకు కరెంటు యూనిట్లు ఎక్కువొచ్చాయని కార్డు తీసేశారు, ఆమె పడిన తిప్పలు చూశాను కాబట్టి ఇంత గట్టిగా అంటున్నాను.

వేదాయపాళెం మేస్త్రీ

మాస్టారూ, మీ బాధ న్యాయమే కానీ అందర్నీ ఒకే గాటన కట్టొద్దు. నేనూ టైల్స్ మేస్త్రీనే. మాకు జీతం లేదు, పీఎఫ్ లేదు, వంగి వంగి మోకాళ్లు పోతే అడిగే దిక్కు లేదు, యాభై దాటితే పని ఇచ్చేవాడు లేడు. నగదు ఎందుకంటే శనివారం సాయంత్రం కూలీలకు చేతిలో పెట్టాలి, వాళ్లు ఫోన్‌పే వద్దంటారు, ఇంటికి పోయేదారిలో సరుకులు తీసుకోవాలి వాళ్లు. పైగా 2025 జూలైలో బెంగళూరులో చిన్న చిన్న షాపుల వాళ్లకు ఫోన్‌పే లెక్కలు చూసి జీఎస్టీ నోటీసులిచ్చారు, లక్షల్లో కట్టమన్నారు. అది చూసి నేను కూడా క్యూఆర్ కోడ్ పీకేశాను. భయం ఉండదా సార్ మనిషికి? చదువుకున్నోళ్లకే అర్థంకాని ఫారాలు మాకేం అర్థమవుతాయి, చెప్పేవాళ్లు ఎవరు?

నెల్లూరు లెక్కలాయన

మేస్త్రీ గారూ, చెప్పేవాళ్లు లేరన్నారు చూడండి, అది నిజం, ఆ తప్పులో మా వాళ్లకూ వాటా ఉంది. అందుకే విడమర్చి చెప్తున్నాను.

బెంగళూరు నోటీసులు జీఎస్టీవి. సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షలు, పని చేసి డబ్బు తీసుకునేవాళ్లకు 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ కావాలి. మీ మొత్తం రాబడి 20 లక్షల లోపైతే జీఎస్టీ ఊసే అక్కర్లేదు, మామూలు తెల్లకాగితం బిల్లు రాసి సంతకం పెట్టి ఇవ్వొచ్చు. మాస్టారూ, మీకు చెప్పిన ఆ 18 శాతం అందుకే చూసుకోవాల్సింది. రిజిస్ట్రేషన్ లేనివాడు జీఎస్టీ వసూలు చేయడానికి వీల్లేదు, రిజిస్ట్రేషన్ ఉన్నవాడు బిల్లు ఇవ్వకుండా పని చేయడానికి వీల్లేదు. రెంటిలో ఏదైనా ఆయన మాట తప్పే. ఇంకా ఒక పనికి 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోకూడదు, విడతలుగా తీసుకున్నా సరే. తీసుకున్నవాడికి తీసుకున్నంతా జరిమానా. ఇలాంటి నాలుగు జట్ల మేస్త్రీని, నోటుబుక్కు రాసుకునే మెకానిక్కుని ఒకే తక్కెడలో పెట్టొద్దన్నది మాత్రం నేనూ ఒప్పుకుంటాను.

ఇప్పుడు ఒంగోలు అమ్మగారి లెక్క. 2024-25 రిటర్నుకు, చిన్న వ్యాపారాలకు ఇన్‌కం ట్యాక్స్ చట్టంలో సెక్షన్ 44ఏడీ అని ఒక పద్ధతి ఉంది. పెద్ద పుస్తకాలు, ఆడిట్ అక్కర్లేదు. నగదు రాబడిలో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదాంట్లో 6 శాతం కనీస లాభంగా చూపాలి. (మేస్త్రీ గారూ, క్యూఆర్ పీకేస్తే మీకు 6 కాస్తా 8 అవుతుంది.) మీకు ఆ కనీసం 69,600 వస్తుంది. చాలామంది అదే రాయించేస్తారు. నేను వద్దంటాను. అది కనీసం, అంతకన్నా ఎక్కువ మిగిలితే మిగిలిందే రాయాలి. మీకు మిగిలింది 4.7 లక్షలు, అదే రాయండి. 2024-25కి కొత్త పన్ను పద్ధతిలో 7 లక్షల దాకా రిబేటు (పన్ను మాఫీ)తో పన్ను సున్నా. 2025-26 నుంచి ఆ హద్దు 12 లక్షలు. ఆలస్య రుసుము 1000 రూపాయలు, అంతే. 69,600 ఆదాయం చూసి ఏ బ్యాంకూ ఇంటి లోను ఇవ్వదు, 4.7 లక్షలు చూస్తే కనీసం కూర్చోమంటుంది.

రిటర్న్ వేయాల్సింది మీ ఆయన పేరున, ఐటీఆర్-4 ఫారంలో, 2025 డిసెంబరు 31 లోపు. ఆ తేదీ దాటనివ్వొద్దు. మీకొచ్చిన మెసేజ్‌కు ఇన్‌కం ట్యాక్స్ వెబ్‌సైట్‌లో (పోర్టల్‌లో) జవాబు మీరే ఇవ్వాలి, ఈ డబ్బు ఎవరిదో, ఎక్కడిదో విడివిడిగా రాసి. అంతకు ముందు సంవత్సరాలకు అప్‌డేటెడ్ రిటర్న్ అని ఉంది, దాని గడువు 2025 బడ్జెట్‌లో రెండేళ్ల నుంచి నాలుగేళ్లకు పెంచారు. పన్ను కట్టాల్సి వస్తే ఏడాదిని బట్టి 25 నుంచి 70 శాతం దాకా అదనం. మీకది అవసరమా అన్నది పాత నోటుబుక్కులు చూసి సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) చెప్పాలి. అవి పారేయలేదు కదా?

కార్డు విషయంలో మాస్టారు చెప్పిందే నిజం, నేను తీపిగా చెప్పలేను.

లాయర్‌పేట ఇల్లాలు

సార్, మీకు, మాస్టారికి, అందరికీ దండాలు. కావలి తమ్ముడు రాసింది ఆయనకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అటక ఎక్కి పాత నోటుబుక్కులు దించారు, ఏడు ఉన్నాయి, ఒకదాని అట్ట చెదలు తినేసింది గానీ లోపల అంకెలు కనబడుతున్నాయి. సోమవారం సీఏ గారి దగ్గరికి వెళ్తున్నాం. అత్తగారికి పింఛను సంగతి నేనే చెప్పాను. ఆ 4 వేలు మందులకు ఆమె చేతిలో ఉండేది, అడగకుండా ఖర్చుపెట్టుకునేది. ఇకమీద నెల మొదటి రోజు అంతే డబ్బు ఆమె చేతిలో పెడతానని ఆయన అన్నారు.

ఒక్క చిక్కు మిగిలింది. చీటీ నడిపినావిడ నాకు 4.5 లక్షలు ఇచ్చినట్టు కాగితం రాసివ్వనంటోంది. తన చీటీకి రిజిస్ట్రేషన్ లేదు, రాసిస్తే తనకు ముప్పని. ఆవిడను ఇరికించడం నాకూ ఇష్టం లేదు. ఏం చేయాలి?

నెల్లూరు లెక్కలాయన

ఆవిడ సంతకం ఒక్కటే ఆధారం కాదమ్మా. నెలనెలా చీటీ మీరెలా కట్టారు? ఫోన్‌పేలో పంపినవి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి. నగదుగా కట్టినవి ఆ పొడుగు నోటుబుక్కులో ఉండే ఉంటాయి, తేదీలతో సహా ఒక కాగితం మీద ఎక్కించండి. పాడుకున్న తేదీ, బ్యాంకులో వేసిన తేదీ దగ్గర దగ్గరగా ఉంటే అదీ మీకు బలమే. కానీ ఎవరిచ్చారని అధికారి అడిగితే పేరు చెప్పక తప్పదు, ఆ మాట ఆవిడకు ముందే చెప్పి ఉంచండి. గేదెలు కొన్నవాళ్ల దగ్గర మాత్రం సోమవారం లోపే రెండు ముక్కలు రాయించుకోండి, తర్వాత దొరకరు.