నాటు కలగలుపు పిల్లల్లో జాతినీ, పుంజు పెట్టలనూ మొదటి వారంలోనే చెప్పవచ్చునా?

ఆత్మకూరు పెంపకందారు:
మోపెడ్‌కు గంపలు కట్టుకొని మా ఊరికి వచ్చే వ్యాపారి దగ్గర రెండు రోజుల పిల్లలను కొన్నాను. నల్లదాన్ని కడక్‌నాథ్ (చర్మం, మాంసం కూడా నల్లగా ఉండే జాతి) అనీ, వీపు మీద చారలున్నవాటిని అసిల్ (పందెం కోళ్ల జాతి) అనీ, పసుపు నూగువాటిని గ్రామప్రియ అనీ చెప్పాడు. రెక్క విప్పి చూసి పెట్టలుగా ఏరినవాటికి ఎక్కువ ధర తీసుకున్నాడు. నల్లదాని నెత్తిన తెల్లమచ్చ ఉంది, ఇంకొకదానికి మెడ మీద అసలు నూగే లేదు. ఈ వయసులో ఇంత కచ్చితంగా చెప్పడం సాధ్యమేనా?

కావలి సభ్యుడు:
సాధ్యమేనని నా నమ్మకం. హేచరీల్లో ఒక రోజు పిల్లలను రెక్క ఈకలు చూసే వేరుచేస్తారు. మా ఇంట్లో పెద్దలు కోల గుడ్డు పుంజు అవుతుందనీ, గుండ్రటి గుడ్డు పెట్ట అవుతుందనీ ఏరి పొదగవేసేవారు. ఏళ్ల తరబడి పిల్లల మధ్యే బతికినవారి కంటిని పుస్తకం చదివి కొట్టిపారేయడం సరికాదు.

ఒంగోలు పశువైద్యుడు:
రెక్కల పద్ధతి నిజమైనదే. అయితే దాని బలమంతా తల్లిదండ్రుల ఎంపికలో ఉంది. ఈకలు త్వరగా వచ్చే వంశపు పుంజును, ఈకలు ఆలస్యంగా వచ్చే లక్షణమున్న పెట్టతో కలిపినప్పుడు, తల్లి లక్షణం కొడుకులకే చేరుతుంది కాబట్టి, పెట్ట పిల్లలకు రెక్క అంచు ఈకలు వాటిని కప్పే పై ఈకలకంటే స్పష్టంగా పొడుగ్గా ఉంటాయి, పుంజు పిల్లలకు రెండూ సమంగా ఉంటాయి లేదా పై ఈకలే పొడుగ్గా ఉంటాయి. ఈ తేడా కూడా పిల్ల గుడ్డులోంచి బయటికి వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే చూడాలి, తరువాత చెరిగిపోతుంది. వీధుల్లో తిరిగే నాటు కోళ్లలో ఇటువంటి జత ఎవరూ కట్టరు. అందువల్ల పిల్లలన్నిటికీ ఈకలు త్వరగా వస్తే, పుంజులతో సహా అన్నీ పెట్టల్లాగే కనిపిస్తాయి.

తెల్లమచ్చ సంగతీ అంతే. ఒళ్లంతా అడ్డచారల ఈకలుండే పెట్టను, చారలు లేని ఎర్ర పుంజుతో కలిపితే, నెత్తిన మచ్చ ఉన్నవి పుంజులు, లేనివి పెట్టలు. అదే చారలు తండ్రివైతే, కొడుకులకూ కూతుళ్లకూ మచ్చ వస్తుంది, ఇక మచ్చను బట్టి వేరుచేయలేము.

గుడ్డు ఆకారం విషయంలో కావలి మిత్రులతో ఏకీభవించలేను. కోళ్లలో లింగం తల్లి అండాన్ని బట్టి తేలుతుంది, పెంకు దాని చుట్టూ తరువాత ఏర్పడుతుంది. పెంకు కోలగా ఉండడానికీ లోపలి పిల్లకూ సంబంధం లేదు.

ఇక జాతి. నల్ల నూగు చూసి కడక్‌నాథ్ అనకూడదు. నోరు తెరిచి నాలుక, అంగిలి చూడండి. అవి ఎర్రగా ఉంటే అది నల్ల రంగు నాటు పిల్ల మాత్రమే. నల్లగా ఉంటే కడక్‌నాథ్ రక్తం కలిసిందని అనుకోవచ్చు, కానీ ఆ నలుపు సంకరంలోనూ బయటపడుతుంది కాబట్టి అది శుద్ధమైనదని రుజువు కాదు. దీనిలో ఒక విశేషం ఉంది. కడక్‌నాథ్ పుంజును పసుపు కాళ్ల నాటు పెట్టతో కలిపితే, చర్మంలో నలుపును అణచే లక్షణం తల్లి నుండి కొడుకులకే చేరుతుంది కనుక, పిల్లల్లో ఎక్కువ నల్లనివి సాధారణంగా పెట్టలు. ఇటువంటి నల్ల చర్మమే ఉన్న సిల్కీ కోళ్లలో దీన్ని జన్యుశాస్త్రవేత్తలు బేట్సన్, పన్నెట్ 1911లోనే వివరించారు.

వీపు చారలు అడవికోడి నుండి వచ్చిన రంగు, ఎన్నో నాటు కోళ్లలో కనిపిస్తుంది. బోసిమెడ ఒకే జన్యువు వల్ల వస్తుంది, అది ఏ కోడితో కలిసినా బయటపడుతుంది. పసుపు నూగు పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే గుడ్ల కోళ్ల హేచరీల్లో ఏరి పక్కన పెట్టిన పుంజు పిల్లలను పల్లెల్లో చవకగా అమ్ముతుంటారు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కూడా వేర్వేరు వంశాలను కలిపి తీసినవే. వాటి గుడ్లను ఇంట్లో పొదిగిస్తే పిల్లల్లో ఆ లక్షణాలు నిలకడగా రావు. మన ఒంగోలు పశువు బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో నిలిచింది, అక్కడ వంశావళి రాసి మరీ పెంచుతున్నారు. ఆ రాత లేని గంపలోని పిల్లకు జాతి పేరు పెట్టి ధర పెంచడం కొనేవారికి అన్యాయం.

కావలి సభ్యుడు:
గుడ్డు మాట వదిలేస్తాను. కానీ జపాన్‌వారు మలద్వారం చూసి ఒక రోజు పిల్లను చెబుతారు కదా, దానికి తల్లిదండ్రులు అక్కరలేదు.

ఒంగోలు పశువైద్యుడు:
అక్కరలేదు, అది ఏ జాతికైనా వర్తిస్తుంది. కానీ లోపలి చిన్న బొడిపెను గుర్తించడానికి చాలాకాలం శిక్షణ కావాలి, శిక్షణ లేని చేయి నొక్కితే పేగులకు దెబ్బ తగిలి పిల్ల చనిపోతుంది. దయచేసి ఎవరూ ఇంట్లో ప్రయత్నించవద్దు.

ఆరు, ఎనిమిది వారాలు ఆగితే చాలా తెలుస్తుంది. పుంజుకు నెత్తి మీది కండ జుట్టు ముందుగా ఎర్రబడి పెద్దదవుతుంది, కాళ్లు లావెక్కుతాయి. అసిల్ రక్తమున్నవాటిలో జుట్టు మూడు పొట్టి వరుసలుగా అణిగి ఉంటుంది, దాన్ని చూసి పెట్ట అనుకోవద్దు. వాటికి పది పన్నెండు వారాలప్పుడు నడుము దగ్గర ఈకలు చూడాలి. సన్నగా కొనదేలి మెరిస్తే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట.

ఆత్మకూరు పెంపకందారు:
వ్యాపారిని మళ్లీ అడిగాను. నాలుగైదు ఊళ్ల గుడ్లు పోగుచేసి ఒకే యంత్రంలో పొదిగిస్తాడట, ఏ పిల్ల ఏ కోడిదో తనకే తెలియదట. నల్ల పిల్ల నాలుక ఎర్రగానే ఉంది.

కావలి సభ్యుడు:
అలాగైతే ఏరినందుకు ఎక్కువ ధర తీసుకోవడం తప్పే. కలగలుపు అని చెప్పి ఒకే ధరకు అమ్మాలి. అయితే సొంత పెరట్లో, పుంజూ పెట్టా రెండూ కళ్లముందే ఉన్నచోట, పెద్దవాళ్ల గుర్తులకు విలువ ఉందన్న మాట మీద మాత్రం నేను నిలబడతాను.