నాలుగునైదు నంజులా, నాలుగైదు నంజులా?

నూలుపోగు: అందరికీ నమస్కారం. మిల్లు పని మీద ఢాకా వచ్చి మూడు వారాలైంది. నిన్న మధ్యాహ్నం ఇక్కడి స్నేహితుడు పాత ఢాకాలో, నాజిముద్దీన్ రోడ్డులోని నీరబ్ హోటల్‌కి తీసుకెళ్ళాడు. కూర్చున్నామో లేదో, కుర్రాడు ఒక పెద్ద పళ్ళెం నిండా బుల్లి బుల్లి గిన్నెలు తెచ్చి ముందు పెట్టాడు. అన్నీ భర్తాలే. ఆలూ, కాల్చిన వంకాయ, చిక్కుడు, రొయ్య, ఎండుచేప, నల్లజీలకర్ర. ఆవనూనె, వేయించిన ఎండుమిరప, పచ్చి ఉల్లిపాయ, ఉప్పు వేసి చేత్తో పిసికినవి. పొగలు కక్కే అన్నంలో ఒక్కోటీ వేళ్ళతో మెదుపుకుంటూ తింటుంటే ఒక పద్యం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. "... నాలుగో అయిదో నంజులున్ ... యింట రూకకున్". బిల్లు చూశాక ఆ రూక మరీ గుర్తొచ్చింది. ఇద్దరం కడుపు పగిలేలా తింటే 600 టాకాలు. మధ్యలో ఏముందో ఎవరైనా అందించండి. రాత్రంతా అదే గోల.

అరసున్న: క్రీడాభిరామం అనే పాత పద్యకృతిలోది. ఓరుగల్లు పూటకూళ్ళ ఇల్లు. మొదటి రెండు పాదాలు అందరికీ వచ్చినవే, మీకు కావలసింది ఇది ('పెసర్పప్పు'లోని 'పెస' పై పాదంలో ఉండిపోయింది):
"ర్పప్పును గొమ్మునల్లనటిపండ్లును నాలుగునైదు నంజులున్
లప్పలతోడ గ్రొంబెరుగు లక్ష్మణవజ్ఝల యింట రూకకున్"
మీరు 'నాలుగో అయిదో' అని సర్దేశారు. అక్కడున్నది 'నాలుగునైదు'. ఆ 'ను' ఊరికే లేదు.

గోదారిగట్టు: శ్రీనాథుడు భోజనం గురించి రాస్తే ఆకలి లేనివాడికి కూడా ఆకలేస్తుంది.

సీసపద్యం: శ్రీనాథుడు కాదండీ, వినుకొండ వల్లభరాయుడు.

గోదారిగట్టు: వేటూరి ప్రభాకరశాస్త్రి గారు శ్రీనాథుడిదే అన్నారు కదా. ఆయన కంటే మనకు ఎక్కువ తెలుసా?

సీసపద్యం: ఆయన అన్నారని పుస్తకం మీద పేరు మారలేదు. ఈ తగువు పోయిన సంక్రాంతికి ఇక్కడే నూట ఎనభై కామెంట్లు తిన్నది, మళ్ళీ వద్దు.

నూలుపోగు: ధన్యవాదాలు మాస్టారూ, ప్రాణం లేచొచ్చింది. 'ను' ఊరికే లేదంటే ఏమిటి?

అరసున్న: నాలుగున్ + ఐదు. సముచ్చయం. నాలుగూ అయిదూ కలిపి తొమ్మిది నంజులు. రూక ఇచ్చినవాడికి తొమ్మిది రకాలు వడ్డించారని కవి గొప్పగా చెబుతున్నాడు. మీ ఢాకా పళ్ళెం లాగే అనుకోండి.

సీసపద్యం: సముచ్చయమైతే ఐదుకీ ఉండాలి కదా మాస్టారూ, నాలుగును ఐదును అని. ఒక కాలికి చెప్పు వేసి రెండో కాలు వదిలేస్తామా? ఇది ఉత్పలమాల. 'పండ్లును' తర్వాత భగణం, అంటే ఒక గురువు, రెండు లఘువులు, పడాలి. 'నాలుగైదు' అంటే గురువు, లఘువు, గురువు వచ్చి నడక విరిగిపోతుంది. అందుకని 'ను' తగిలించాడు. అర్థం మాత్రం మనం రోజూ అనే నాలుగైదే.

అరసున్న: గణం కోసం అక్షరం తగిలించే కవి కాదు ఆయన.

సీసపద్యం: అందరు కవులూ తగిలిస్తారు. కొందరు దొరకరు, అంతే.

ఓరుగల్లు పిల్ల: మా ఊరి పూటకూళ్ళ ఇంటి గురించి మీరిద్దరూ కొట్టుకుంటుంటే భలే ఉంది. నాదో చిన్న డౌటు. 'నంజు' అంటే విషం కూడా కదా? మా అమ్మమ్మ 'నంజు ఎక్కింది' అనేది. నంజుకోవడం, నంజు, నంజుడు మూడూ ఒకటేనా?

అరసున్న: నంజుడు అంటే మాంసం, పాత కావ్యాల్లో కనిపిస్తుంది. అన్నంలో నంజుకోవడానికి ఉన్నది కాబట్టి నంజుడు అయిందని నా ఊహ. విషం నంజు వేరు, అరవంలోనూ ఉంది. రెండింటినీ కలిపితే హోటలు వాళ్ళు మనమీద కేసు పెడతారు.

హౌరా వంతెన: ఆలస్యంగా వచ్చాను, కానీ ఇది నా పేట. కలకత్తాలో ఇరవై రెండేళ్ళున్నాను. ముందు ఉచ్చారణ సరిచేద్దాం. భర్తా కాదు, భొర్తా. బెంగాలీలో ఆ మొదటి అచ్చు మన 'అ' కాదు, నోరు కాస్త గుండ్రంగా తెరిచి అనే 'ఒ'. మనకు హ్రస్వ ఒకారం ఉంది, హిందీ వాళ్ళకు లేదు. ఉన్నది వాడుకోవడానికి మనకు బద్ధకం.

ఓరుగల్లు పిల్ల: అమ్మయ్య. మా ఆయనకు 'వంకాయ భర్తా' అని చదివి వినిపిస్తే 'ఢాకాలో మమ్మల్ని పిసికి తింటున్నారా' అన్నాడు.

సీసపద్యం: ఒకటే మాట కావచ్చు కూడా. భృ ధాతువు, భరించేది భర్త. అన్నాన్ని భరించేది...

హౌరా వంతెన: కుదరదు. మొగుడు అనే 'భర్త' జనం నోట్లో నలిగి అక్కడ 'భాతార్' అయ్యింది. బెంగాలీలో అది కాస్త మోటు మాట, పదిమందిలో అనరు. 'భాత్' పెట్టేవాడు కనక భాతార్ అని సరదాగా చెబుతారు కానీ అది కట్టుకథ. వంకాయ భొర్తాలో 'ర్త' నలక్కుండా ఉంది చూడండి. దాని పుట్టుక వేరే. భృష్టం, అంటే వేయించినది, నుంచి అంటారు కొందరు. నాకైతే ఆ 'ష్ట' ఇలా మారడం మింగుడు పడదు.

గోదారిగట్టు: మింగుడు పడనిది భొర్తా కాదు కదా. ఎండుచేపది ఎలా ఉంది నూలుపోగు గారూ? వాసన?

నూలుపోగు: శుట్కి అంటారు. మొదటి ముద్దకి ముక్కు మూసుకున్నాను, మూడో ముద్దకి ఇంకో గిన్నె అడిగాను. అన్నిటికంటే టాకి చేప భొర్తా నచ్చింది (సరిచేసుకున్నాను వంతెన గారూ). మన మట్టగిడసే. ముళ్ళు తీసి మెదిపి, ఉల్లిపాయతో వేయించారు. వడ్డించే ఆయన్ని అందరూ 'మామా' అంటారు. 'మామా, ఆరేక్టు భాత్ దేన్.' నేనూ 'మామా' అంటే తిరిగి చూసి నవ్వాడు. మన ఊళ్ళోనే ఉన్నట్టనిపించింది. ఒక్క తేడా, పప్పు చివర్లో పోశారు. పల్చటి మసూర్ పప్పు, చారులా. నేనేమో మొదట కావాలని అడిగి అభాసుపాలయ్యాను.

హౌరా వంతెన: అక్కడ వరస అంతే. ముందు భొర్తా, వేపుడు, తర్వాత చేప, చివర పప్పు. ఇంకో సంగతి గమనించారా? హోటలు పేరు నీరబ్. మన 'నీరవ'మే, వాళ్ళకు వ-బ తేడా లేదు. అంటే చడీచప్పుడు లేనిది.

నూలుపోగు: అయ్యో! అంత గోల నేను రైల్వేస్టేషన్‌లో కూడా వినలేదు.

సీసపద్యం: ఇంతమంది ఉన్నారు, అసలు సంగతి ఎవరూ పట్టుకోలేదు. బిల్లు టాకాల్లో కట్టారు. టాకా అంటే టంకం. "దీనార టంకాల తీర్థమాడించితి దక్షిణాధీశు ముత్యాలశాల". రూక కోసం ఓరుగల్లు దాకా ఎందుకు, టాకా శ్రీనాథుడి దగ్గరే ఉంది. అదే సీసంలో "గౌడడిండిమభట్టు కంచుఢక్క". గౌడం అంటే? బెంగాల్. ఢక్క అంటే? ఒక్క సీసంలో టాకా, ఢాకా రెండూ!

గోదారిగట్టు: ఇందాక శ్రీనాథుడు కాదన్నది మీరే కదండీ?

సీసపద్యం: క్రీడాభిరామం విషయంలో కాదన్నాను. సీసం విషయంలో ఆయన్ని ఎవరు కాదంటారు? ఆ పాదం చదివితే ఇప్పటికీ కంచు పగిలిన చప్పుడు వినిపిస్తుంది.

అరసున్న: శ్రీనాథుడికి డిండిమభట్టు అనే పండితుడితో వాదం జరిగింది విజయనగర కొలువులో, ప్రౌఢదేవరాయల ముందు. ఢాకాకీ దానికీ ఏం సంబంధం? ఆ ఊరి పేరు డోలు నుంచి వచ్చిందా, ఢాక్ చెట్టు, అంటే మన మోదుగ, నుంచి వచ్చిందా, ఢాకేశ్వరి గుడి నుంచా అని ఆ ఊరివాళ్ళే తేల్చుకోలేదు. మీరు ఇక్కడ కూర్చుని ఒక్క సీసంతో తేల్చేశారు.

సీసపద్యం: టంకం సంగతి ఒప్పుకున్నట్టేగా?

అరసున్న: టంకం ఒప్పుకుంటాను. ఢక్క ఒప్పుకోను.

హౌరా వంతెన: మొదటి పాదంలోని 'కప్పురభోగి' మీద ఎవరూ మాట్లాడలేదేం? నాకు అది బియ్యం పేరే అనిపిస్తుంది. బెంగాల్‌లో గోవిందభోగ్, అటువైపు బాద్‌షాభోగ్, రెండూ సన్నని వాసన బియ్యం. భోగ్, భోగి. ఓరుగల్లులో కప్పురం వాసన బియ్యం వండి రూకకు పెట్టారంటే ఎంత చవక కాలమో.

ఓరుగల్లు పిల్ల: చవక కాదు వంతెన గారూ, ఆ రూక విలువ తెలిస్తే కదా చవకో ప్రియమో తేలేది.

గోదారిగట్టు: ఇంతకీ ఇలీశ్ తిన్నారా లేదా? మా పులసే అది. సముద్రంలో విలస, గోదారి ఎదురెక్కితే పులస. పుస్తెలమ్మి అయినా తినాలన్నారు.

నూలుపోగు: తినలేదండీ. స్నేహితుడు ధర అడిగి తలూపాడు, నాకు అర్థమైపోయింది. పుస్తెలు మా ఆవిడవి, ఆవిడ హైదరాబాద్‌లో ఉంది.

అరసున్న: మళ్ళీ అసలు ప్రశ్నకి వద్దాం. తొమ్మిదా, నాలుగైదా?

సీసపద్యం: నాలుగైదు.

అరసున్న: నూలుపోగు గారూ, మీ పళ్ళెంలో గిన్నెలెన్ని? కవి కళ్ళముందు ఉన్నది అలాంటి పళ్ళెమే.

సీసపద్యం: ఢాకా గిన్నెలు లెక్కపెట్టి ఓరుగల్లు పద్యానికి అర్థం చెప్పడం ఏ వ్యాకరణంలో ఉంది మాస్టారూ?

నూలుపోగు: శుక్రవారం సెలవు, మళ్ళీ వెళ్తున్నాను. లెక్కపెట్టి చెప్తా.

నూలుపోగు: వెళ్ళొచ్చాను. ఈసారి ఏడు గిన్నెలు. నాలుగైదూ కాదు, తొమ్మిదీ కాదు.

అరసున్న: పళ్ళెం అంచున నిమ్మచెక్క, పచ్చిమిరపకాయ పెట్టి ఉంటారే, అవి లెక్కేశారా?